లోపలి గడియ

గత ఏడాది ఒక ఆదివారం ఉదయం, నగరం పాత భాగంలోని మేసానిక్ హాల్లో ఉన్నవి, ఉన్నవాళ్లు: నేను, అంటే కొత్తగూడలోని చిన్న సంస్థలో ఫైర్ సేఫ్టీ ఇంజనీరుని. ఈవెంట్ మేనేజర్ శ్రీకాంత్. హాలు కార్యదర్శి మూర్తి గారు. హైటెక్ సిటీ కంపెనీల నుంచి రిహార్సల్‌కి వచ్చిన ఇరవై మంది వాలంటీర్లు. నలుపు తెలుపు గళ్ల నేల. ఎవరూ తొంగిచూడకుండా ఏనాడో ఇటుకలతో మూసేసిన కిటికీలు. ఒకే ఒక్క తలుపు.

ఫ్రీమేసన్లనే సోదర సంఘం రహస్యంగా సమావేశమయ్యే హాలు అది. మొదటిసారి జనానికి తెరవబోతున్నారు. దానికి అగ్నిప్రమాద భద్రతా పత్రం మీద నా సంతకం కావాలి.

"మేం క్షుద్రపూజలు చేస్తామని మా మనవరాలి బడిలో కూడా అంటున్నారండి. జనం ఒక్కసారి వచ్చి చూస్తే చాలు," అన్నారు మూర్తి గారు.

సభ మొదలవగానే లోపల గడియ వేసి, బయట కత్తితో ఒకరు కాపలా ఉండటం వాళ్ల ఆచారం. శ్రీకాంత్ దాన్నే ప్రదర్శనగా మార్చాడు: జనాన్ని బ్యాచ్‌లుగా లోపలికి పంపి, గడియ వేసి, లైట్లు ఆర్పి, బయటి నుంచి మూడుసార్లు తలుపు తట్టించడం.

"ఎగ్జిట్, అంటే ప్రమాదంలో బయటపడే దారి, ఒక్కటే ఉంది. అదీ లోపలికి తెరుచుకునే తలుపు. గడియ తీసేయాలి, రెండో దారి పెట్టాలి," అన్నాను.

"ఏంది భయ్యా, గడియ తీస్తే ఇగ సీక్రెట్ ఏముంటది? ఇది మేసన్ల హాలా, మాల్ వాష్‌రూమా? జర సంతకం కొట్టు. మీ సార్‌తోని మాట్లాడిన."

ఆ చివరి మాటకి ఒళ్లు మండిపోయింది. "డ్రిల్ చేద్దాం. నువ్వూ లోపలే ఉండు," అన్నాను. అందరికీ ముందే చెప్పి, గడియ వేయించి, లైట్లు ఆర్పించి, "మంటలు!" అని అరిచాను.

మొదట నవ్వులు. "అరేయ్, నా కాలు!" "ఎవడ్రా తోసేది?" తర్వాత వెనకవాళ్లు నెట్టారు, ముందువాళ్లు తలుపుకి అతుక్కుపోయారు. దాన్ని లోపలికి లాగడానికి చోటే లేదు.

"ఎనకకి జరగండి! గడియ వస్తలేదు!" అది శ్రీకాంత్ గొంతు.

వెంటనే లైట్లు వేశాను. మూర్తి గారు గోడకి ఒరిగి, ఊడిపోయిన కళ్లజోడు పెట్టుకుంటున్నారు.

"పొగ లేదు, మంట లేదు, ఉన్నది ఇరవై మంది. నువ్వు బ్యాచ్‌కి నూటయాభై మందిని పెడతావా?" అని శ్రీకాంత్ మీద కేకలేశాను.

"వైబ్ పోతది, భయ్యా," అన్నాడు చెమట తుడుచుకుంటూ. ఇప్పటికీ ఆ మాట వింటే నాకు కోపం ఆగదు.

"స్క్రూడ్రైవర్ ఉందా అండి?" అన్నారు మూర్తి గారు. "మా మీద భయం పోగొట్టాలని పిలిచి, జనాన్ని ఇందులో పెట్టి చంపమంటావా, శ్రీకాంత్?" ఆ గడియ ఆయనే ఊడదీశారు.

ప్రారంభం వాయిదా పడింది. ఒక కిటికీ ఇటుకలు తీసి రెండో తలుపు పెట్టారు, పాత తలుపుని బయటికి తెరుచుకునేలా తిప్పారు. ఆ తర్వాతే సంతకం పెట్టాను. ఆ రోజు నుంచి ఏ భవనం డ్రాయింగ్ చేతికొచ్చినా, జనం ఎలా బయటికి వస్తారన్నదే ముందు చూస్తాను.

ఆ హాల్లోకి ఒకేసారి అనుమతి: నలభై మంది.