నేను కోసిన పేజీలు

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కనకనే మీకు చెప్పగలుగుతున్నాను. ఇన్నేళ్ళుగా నా గుండె మీద ఒక బరువుంది. దాన్ని మోస్తూనే పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఎవరికీ అనుమానం రాలేదు. ఒక ఆడపిల్ల చదువును నేను చంపేశాను. పొరపాటున కాదు. తెలిసి, ఆలోచించి, బ్లేడుతో.

అవి అరవైల చివరి సంవత్సరాలు. మాది అరసవల్లి. మా నాన్నగారు హైస్కూల్లో మేస్టారు. నేను శ్రీకాకుళంలో బి.ఎస్సీ. చదివేదాన్ని. క్లాసులో ఆడపిల్లలం నలుగురం చేరితే, పెళ్ళి కుదిరి ఇద్దరు మానేశారు. మిగిలింది నేనూ, పైడితల్లీ. ఆమెది పాతపట్నం దగ్గర పల్లె. రైతు కూతురు. శ్రీకాకుళంలో పిన్ని ఇంట్లో ఉండి, ఆ ఇంటి చాకిరీ అంతా చేసి, తడి చేతులు వోణీకి తుడుచుకుంటూ క్లాసుకి పరిగెత్తుకొచ్చేది.

మా కాలేజీలో చిన్న పుస్తకాల స్టోర్సు ఉండేది. మా కెమిస్ట్రీ లెక్చరరు గారే దాన్ని చూసుకునేవారు. నా దస్తూరి బాగుంటుందని అలమారా తాళం నాకిచ్చారు. పుస్తకాలు కొనలేక సగంమంది నోట్సుల మీదే బతుకుతున్నారని చూసి నేనే ఒక ఉపాయం చెప్పాను. చదువు పూర్తయినవాళ్ళు తమ పుస్తకాలు స్టోర్సుకి ఇచ్చెయ్యాలి. కొనలేనివాళ్ళు వాటిని ఏడాదిపాటు ఊరికే తీసుకుని, పరీక్షలయ్యాక తిరిగివ్వాలి. పాడుచేసినవాళ్ళకి మళ్ళీ పుస్తకం ఇవ్వకూడదు. ఆ ఆఖరి నియమం కూడా నేనే రాసి అలమారాకి అతికించాను. కాలేజీ వార్షికోత్సవంలో ప్రిన్సిపాలుగారు నన్ను వేదిక మీదికి పిలిచి మెచ్చుకున్నారు. మంచి పనే చేశాను. ఆ మంచి పనే నా చేతిలో కత్తి అవుతుందని అప్పుడు నాకు తెలుసా? తెలియదనే అనుకుంటాను.

ఆ అలమారా పుస్తకాలతోనే పైడితల్లి చదివింది. సిమెంటు సంచి కాగితంతో అట్టలు వేసుకుని, పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు గుండెకి ఆనించుకుని మోసేది. ఫైనలియర్ అర్ధసంవత్సర పరీక్షల్లో కెమిస్ట్రీలో ఆమెకి మొదటి స్థానం వచ్చింది. నాది రెండోది. లెక్చరరు గారు ఆమె జవాబు క్లాసులో పైకి చదివి, నా వైపు చూసి, "రాయడమంటే ఇలా రాయాలి" అన్నారు. అంతే. ఒక్క మాట. నేను ఇచ్చిన పుస్తకం చదివి నన్ను దాటిపోయింది అనుకున్నాను. నేను ఇచ్చిన పుస్తకం! అది నాదెప్పుడైంది? ఎవరో చదువుకుని వదిలిన పుస్తకానికి నేను యజమానురాలినెలా అయ్యాను? ఈ ప్రశ్నలు ఇప్పుడు వేసుకుంటున్నాను. అప్పుడు కడుపులో మంట తప్ప నాకింకేమీ తెలియలేదు.

ఆర్గానిక్ కెమిస్ట్రీ పుస్తకం అలమారాలో ఒక్కటే ఉండేది. నాకు సొంతంగా కొత్తది ఉంది. ఆ ఒక్కదాని కోసం పైడితల్లి చాలా రోజులు కాచుకుంది. అది తీసుకున్న అబ్బాయి చదువు మానేసి తిరిగిచ్చిన రోజు మధ్యాహ్నం స్టోర్సులో నేనొక్కదాన్నే ఉన్నాను. పరీక్షలో తప్పకుండా వచ్చే బెంజీన్ పాఠం తీశాను. కుట్టుకి ఆనించి, స్కేలు పెట్టి, ఒక్కొక్క కాగితమే కోశాను. తొందరపడలేదు. నిజం చెప్పాలి కదా, కోస్తుంటే హాయిగా ఉంది. కాగితాలు జాకెట్లో దాచి తీసుకెళ్ళి మర్నాడు పొద్దున్నే నీళ్ళ కాగు కింద మంటలో పెట్టాను. ఆ వేణ్ణీళ్ళతోనే తలంటుకున్నాను.

పుస్తకం ఆమెకి కోసిన రోజు సాయంత్రమే ఇచ్చేశాను. నవ్వుతూ ఇచ్చాను.

మర్నాడు ఆమె పరిగెత్తుకుంటూ వచ్చింది. వస్తుందని నాకు తెలుసు. ఆ వేళకి లెక్చరరు గారుంటారనీ తెలుసు. చుట్టూ పదిమంది విద్యార్థులున్నారు.

"మేస్టారూ, ఇందల బెంజీన్ పాఠం నేదండి. నాను ఇప్పేసరికే కాయితాలు నేవు," అంది.

ఆయన పుస్తకం తిప్పి చూసి నన్నడిగారు. "ఇచ్చేముందు నువ్వు చూశావా అమ్మా?"

"చూశానండి. పేజీలన్నీ ఉన్నాయి."

పైడితల్లి నా వైపు తిరిగింది. ఆ మొహంలో కోపం లేదు. నాకేదో మరుపొచ్చిందనుకుంది, పాపం.

"ఒలే, సరిగ్గా గుర్తు తెచ్చుకోవే. నానెందుకు సింపుతాను? నాను సదువుకోడానికే కదేటి తీసికెళ్ళినాను?"

"నాకు బాగా గుర్తుంది," అన్నాను.

లెక్చరరు గారు నన్ను నమ్మారు. మేస్టారి కూతుర్ని కదా. "మీ ఊళ్ళో పుస్తకం మొహం చూసినవాళ్ళుంటే కదా దాని విలువ తెలియడానికి!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తరవాత ఆయన అలమారా మీది నియమం చూపించి, ఆమె దగ్గరున్నవన్నీ వెనక్కిచ్చెయ్యమన్నారు. ఆమె సంచీలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. ఆ పుస్తకాలు నేనే అందుకున్నాను. రిజిస్టర్లో ఆమె పేరు నేనే కొట్టేశాను. ఆమె చాలాసేపు అక్కడే నిలబడింది. ఏడిస్తే బాగుండునని ఎదురుచూశాను. ఏడవలేదు. అది కూడా నాకు నచ్చలేదు.

పరీక్షలకి ఇంకో రెండు నెలలుంది. ఒకసారి మా ఇంటికొచ్చి గుమ్మం బయటే నిలబడి, నా పుస్తకం ఒక్క ఆదివారానికి ఇస్తానా అని అడిగింది. మా చుట్టాలబ్బాయి పట్టుకెళ్ళాడన్నాను. పుస్తకం లోపల నా మంచం మీదే ఉంది.

పైడితల్లి కెమిస్ట్రీ తప్పింది. వాళ్ళ నాన్న వచ్చి తీసుకుపోయాడు. నాకు ఫస్టు క్లాసు వచ్చింది.

ఇంతవరకే అయితే కుర్రతనమనీ, అసూయ అనీ మీరు కొంతైనా సరిపెట్టుకునేవారేమో. అందుకే మిగతాది కూడా చెప్పాలి.

రెండేళ్ళ తరవాత చుట్టాల పెళ్ళికని పాతపట్నం వెళ్ళాను. బజార్లో ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. చంకలో బిడ్డతో పైడితల్లి. వద్దన్నా వినకుండా అత్తవారింటికి తీసుకెళ్ళింది. పీట వేసి, మజ్జిగిచ్చి, వాళ్ళత్తగారిని కేకేసింది.

"అత్తా, నాను సెప్తానే, కాలేజీల నాకు పుస్తకాలిప్పించిందని, ఈవిడే!"

ఆ ముసలావిడ నాకు దణ్ణం పెట్టింది. నేను పెట్టించుకున్నాను.

అత్తగారు లోపలికెళ్ళాక పైడితల్లి నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది. "ఒక్కమాట సెప్పవే. ఆ కాయితాలు నాను సింపనేదు. నా బిడ్డ మీదొట్టు. ఊరందరూ ఏటనుకున్నా పర్నేదు. నువ్వు నమ్ముతావా, నేదా?"

నోటిదాకా వచ్చింది. నిజంగా వచ్చింది. కానీ ఏమన్నానో తెలుసా? "ఎప్పటి మాటో ఇప్పుడెందుకే? నేనెప్పుడో క్షమించేశాను," అన్నాను.

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు కాలేజీలో రాని ఏడుపు అప్పుడు వచ్చింది. సంతోషంతో! వెళ్ళేటప్పుడు జీడిపప్పు పొట్లం కట్టి ఇచ్చింది. బస్సులో కూర్చుని తిన్నాను. రుచిగానే ఉంది.

కోసినదానికంటే ఆ క్షమించడమే పెద్ద పాపమేమో. చెయ్యని తప్పుకి ఒక మనిషి నా ముందు తల వంచితే, ఆ తల మీద చెయ్యి పెట్టి దీవించాను. అలా ఎలా చెయ్యగలిగాను? భయమా? పరువా? లేక ఆమె ఇంకా నా కిందే ఉండాలన్న కోరిక చావలేదా? మూడోదే నిజమనిపిస్తుంది. అందుకే మళ్ళీ ఎప్పుడూ ఆ ఊరు వెళ్ళలేదు. ఉందో పోయిందో కనుక్కోలేదు.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. ఆ హక్కు మీకు లేదు, అడిగే హక్కు నాకూ లేదు. నేను దొంగను, అబద్ధాలకోరును, ఆమె ఏ నేరమూ ఎరగదు. ఈ వాక్యం రాయడానికి నా బతుకంతా పట్టింది. రాశాను. ఇప్పుడు కొంచెం ఊపిరి ఆడుతోంది.