వాగుకు కట్టిన తలుపు

ఎడ్సెల్ ఎండుకర్రల్ని పక్కపక్కన నిలబెట్టి, ఒక్కో కర్ర పైకొసకు తీగ చుడుతున్నాడు. వాగుకు అడ్డంగా రెండు ఒడ్లలోనూ పాతిన ఇనపగొట్టానికి అవి వేలాడాలి. అడుగున ఇసుకకు బెత్తెడు ఎడం ఉండాలి.

విలెమ్‌స్టాడ్ శివార్లలోని ఆ వాగులో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే ఉంటుంది. ఒడ్డున ఎర్సీలియా బెండమడి. పైవైపు వాగునీళ్లు పొర్లే ఎత్తయిన రాతికట్ట, రెండు పక్కలా జెముడు కంచె. వాగు కిందివైపు మాత్రం ఖాళీ. మేకలు అటునుంచే వస్తాయి. పోయినేడు ఆవిడ అక్కడ ఇనపవల బిగించింది. మొదటి వానకే చెత్తంతా వలకు పట్టి, నీళ్లు దారి తప్పి మడిమీదికెక్కాయి. బెండకాయల్లేక ఆవిడ పులుసు కొట్టు మూతబడింది. ఈసారి కూడా మడి పోతే కొట్టు ఇక తెరుచుకోదు. అందుకే వల బదులు తలుపు కట్టమని ఎడ్సెల్‌ని పిలిచింది.

తలుపు వేలాడదీసిన సాయంత్రమే ఒక మేకపోతు కర్రల్ని తలతో నెట్టుకుని లోపలికొచ్చి ఒక సాలు మేసిపోయింది.

"నువ్వు కట్టింది తలుపు కాదు నాయనా, మేకలకి తెర" అంది ఎర్సీలియా. "తీగేసి బిగించెయ్."

"బిగిస్తే మళ్లీ పోయినేటి వలేగా అక్కా. అప్పుడు మేకలకి మేయడానికి మడే మిగల్దు."

పోనీ కర్రల అడుగున బరువుకి రాళ్లు కట్టమంది. కడితే నీళ్లకు తలుపు లేవదన్నాడు. ఆవిడ ఇంకా ఏదో అంటూనే ఉంది. అతను ఇసుకలో గొంతుక్కూర్చుని కర్రల్ని అటూ ఇటూ ఊపి చూశాడు. నీళ్లు పైనుంచి నెడతాయి. మేక కిందినుంచి నెడుతుంది.

కర్రలన్నిటినీ అడుగున ఒక అడ్డకర్రతో కలిపి కట్టాడు. లోపలివైపు, ఒడ్డుకొకటిగా రెండు గుంజలు దిగగొట్టాడు. ఇక తలుపు వాగు పారే వైపుకే తెరుచుకుంటుంది. మేకపోతు మళ్లీ వచ్చింది. నెట్టింది. అడ్డకర్ర గుంజలకు ఆనుకుని కదల్లేదు. వెనక్కి వెళ్లి కొమ్ములతో ఒక్కటి పొడిచి, రోడ్డెక్కింది.

ఆ వారమే వాగు వచ్చింది. ఎర్రనీళ్లు, కొమ్మలు, ప్లాస్టిక్ సీసాలు. తలుపు నీటిమీద తేలింది, చెత్త దాని కిందుగా సాగిపోయింది. మడిలోకి చుక్క రాలేదు. నీళ్లు తగ్గాక తలుపు దిగింది కాని, ముళ్లకొమ్మ ఒకటి గుంజకు అడ్డం పడి సరిగా మూయనివ్వలేదు. ఎడ్సెల్ దాన్ని లాగి పారేసి, వాగు వచ్చినప్పుడల్లా ఇదొక్కటి చూసుకోమని చెప్పాడు.

ఎర్సీలియా రెండువైపుల నుంచీ తోసి చూసింది.

"సరే, ఇక నేను చూసుకుంటాలే" అంది.