ఖాళీ కాగితం మీద వేలిముద్ర

బందరు పక్కన సముద్రం ఒడ్డున గవర్నమెంటు వాళ్ల ఆయిలు రిఫైనరీ వస్తుందని మొదటిసారి విన్నప్పుడు మా ఆయన బతికే ఉన్నాడు. ఊళ్లో మీటింగు పెట్టారు. టీ, బిస్కెట్లు ఇచ్చి, వచ్చినట్టు గుర్తుకని అందరి చేతా వేలిముద్రలు వేయించుకున్నారు. ఆర్నెల్లు తిరక్కుండానే తెలిసింది, ముద్రలు పడ్డాక ఆ కాగితం పైన "భూమి ఇవ్వడానికి మాకు సమ్మతమే" అని రాసుకున్నారట. పేదలకని పట్టా ఇచ్చిన మా ఎకరం సరుగుడు తోట కూడా అందులో పడింది. పోయేదాకా ఆ మాట ఎత్తితే చాలు, మా ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు.

తర్వాత ప్రభుత్వం మారింది, రిఫైనరీ ఇంకో జిల్లాకి పోయిందన్నారు. మళ్లీ మారింది, మళ్లీ ఇక్కడికే అన్నారు. ఒకళ్లు పాతిన సర్వే రాళ్లు ఇంకొకళ్లు పీకించారు. కొలతలకొచ్చిన కంపెనీ ఇంజనీరు మా తోటలో మంచినీళ్లు తాగి, ఉప్పెనొస్తే ఇక్కడ నడుంలోతు నీళ్లు నిలుస్తాయి, ఇది తగిన చోటు కాదని రిపోర్టు రాశానమ్మా అన్నాడు. అది మార్చి రాయమని పైనుంచి ఒత్తిడి చేస్తున్నారనీ అన్నాడు. పై నెలకి ఆయన్ని బదిలీ చేసేశారు.

మొన్న మళ్లీ మీటింగు. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. ఊరి నాయకుడు నాకు వరసకి మరిది. కాగితం, ఇంకు ప్యాడు నా ముందుకి తోశాడు.

"హాజరుకే వదినా. వేసెయ్, టీ చల్లారిపోద్ది."

"చల్లారనీ. పైన ఏం రాశారో చదువు."

"ఏం రాయందే ఏం చదవమంటావ్?"

"అందుకే వెయ్యను."

జనం నవ్వారు. తాసీల్దారు గారు టైమవుతోందమ్మా అన్నారు. నేను కదల్లేదు. రిఫైనరీ వద్దని నేననడం లేదండీ, మా ఆయన అనని మాట ఆయన పేరు మీద రాశారు, నా మాట మాత్రం నా కళ్ల ముందే రాయండి అన్నాను. నా వెనక వరసలో ఉన్న ఆడవాళ్లు చేతులు కొంగుల్లో పెట్టేసుకున్నారు. చివరికి తాసీల్దారు గారే పెన్ను తీశారు. "మీటింగుకి వచ్చాను. భూమికి ఒప్పుకోలేదు." గుడ్లవల్లేరులో ఇంజనీరింగు చదివే మా పక్కింటి అమ్మాయి చేత రెండుసార్లు చదివించుకున్నాను. పైన ఇంకో ముక్క పట్టే జాగా మిగిలింది. అక్కడ అడ్డంగా గీత కొట్టించి, అప్పుడు వేశాను ముద్ర.

మా ఆయన ముద్ర వేసిన కాగితం బందరు కలెక్టరాఫీసులో ఉందట. సోమవారం అర్జీ పట్టుకుని వెళ్తున్నాను.