పట్టు చూసే చేత్తో సుత్తి

యుద్ధం నడిచే కాలం. బెంగుళూరులో చిక్కపేట వెనక సందులో మా అత్తగారిల్లు. నడవలో గుంత మగ్గం, కాళ్ళు గుంతలో పెట్టుకొని దానిమీద మా మామ పట్టుచీరలు నేసేవాడు. అంత పని జరిగే ఇంట్లో ఒక్క సుత్తి లేదు. మేకు కొట్టాలన్నా, మగ్గం గుంజ బిగించాలన్నా నా రుబ్బురోటి పొత్రమే గతి. దాని అంచులు పెచ్చులు లేచి పిండిలో రాతిపలుకులు పడేవి. ఇడ్లీ తినేటప్పుడు మామ పన్ను కరకరమంటే తప్పు మాత్రం నాది.

పోరు పెట్టి పోరు పెట్టి మా ఆయన్ని అంగడికి పంపిస్తి. నేసే వంశంలో పుట్టినాడు గదా, పట్టు చూసినట్టే సుత్తినీ చూసినాడు. బొటనవేలితో పిడి నిమిరి, వెలుతురుకు తిప్పి, ఏది నిగనిగలాడితే అది తెచ్చినాడు. ఎర్రరంగు పిడి, అద్దం మాదిరి తల. పైన పటారం, లోన లొటారం. మా ఆయన గుంజను కొట్టిన రెండో దెబ్బకే తల ఊడి మగ్గం గుంతలో పడింది. మామ కాళ్ళు ఆ గుంతలోనే ఉండాయి. బెత్తెడు దూరంలో తప్పింది.

"కోడలి మాట విని తెస్తే ఇట్లే ఉంటాది," అన్నాడు మామ.

నాకు ఒళ్ళు మండింది. "అది నేను చూసి తెచ్చింది కాదు మామా. నన్ను పోనిస్తే మంచిది తెస్తాను," అని తలుపు చాటునుంచి అనేస్తి.

"పో. అదీ ఊడిందా, ఇంక ఈ ఇంటి సామాను సంగతిలో నువ్వు నోరెత్తకూడదు."

హిందూపురంలో మా పుట్టింటి పక్కనే వడ్రంగి కొట్టం. ఆ చెక్కపొట్టులో ఆడుకొని పెరిగినదాన్ని. ఆ ధైర్యంతోనే మా ఆయన్ని వెంటబెట్టుకొని పోతి. అంగడాయన మళ్ళీ ఎర్రపిడిదే ముందర పెట్టినాడు.

"రంగు వద్దప్పా. రంగు కింద కట్టె ఎట్లుండాదో తెలీదు," అంటి.

ఉత్త కట్టె పిడివన్నీ దింపించి ఒక్కొక్కటీ చూస్తి. కట్టెలో నార కొసనుంచి కొసకు నేరుగా పోవల్ల, అడ్డం తిరిగిందంటే విరుగుతాది. తలలో దూర్చిన పిడి ఊడకుండా పైనుంచి చీల దిగ్గొట్టి ఉండల్ల. పిడి చివర పట్టుకొని ఎత్తితే చెయ్యి వాలకూడదు, తేలిపోనూ కూడదు. వెనకవైపు మేకు పీకే చీలిక ఉంటే రెండు పనులకూ అదే చాలు.

"సుత్తి కొంటావా, పెండ్లికొడుకును చూస్తావా తల్లీ?" అని అంగడాయన నవ్వినాడు.

"పెండ్లికొడుకును మా నాయన చూసినాడు. దీన్ని నేను చూస్తాండాను," అంటి. మా ఆయన అటు తిరిగి దగ్గినాడు.

ఇంటికి తెచ్చి, పసుపు కుంకుమ పెట్టి మామకిస్తిమి. ఆయన ముందు కాళ్ళు గుంతలోనుంచి బయటికి తీసుకున్నాడు, తరువాతే సుత్తి ఎత్తినాడు. కదిలే గుంజను పది దెబ్బలు కొట్టినాడు. తల ఊడుతాదేమోనని నేను తలుపు చాటునుంచి చూస్తా ఉంటి. ఊడలేదు. ఇంకో పది కొట్టినాడు, కావాలనే గట్టిగా. గుంజ బిగిసింది, సుత్తి ఉన్నట్టే ఉండాది. గోడలో ఎన్నేండ్లుగానో అందరి బట్టలూ చించే వంకర మేకును ఒక్క పట్టున పీకి పారేసినాడు. ఇంక ఆగలేదు, మేకు కనపడిన చోటల్లా కొడతా ఇల్లంతా తిరిగినాడు. వంటింట్లో నేను ఒంటరిగా నవ్వుకుంటి. అంత సంతోషం పెండ్లినాడు కూడా లేదు.

వారం దినాలకు, పోగు నడిపే నాడె అరిగిపోయిందని కొత్తది తెచ్చేదానికి మా ఆయన బయలుదేరినాడు. మామ మగ్గం మీదనుంచి తల ఎత్తకుండానే అన్నాడు:

"ఒకడివే యాడికి పోతావు? కోడల్ని పిల్చుకొని పో. కట్టె చూస్తాది."

నేను అప్పటికే చీర మార్చుకొని వాకిట్లో నిలబడి ఉండాను.