పోయొస్త అంటే కదిలే బండి

దయ్యాలున్నాయంటే నేను ఎన్నడూ నమ్మలేదు. కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లం ఒకచోట కూర్చుంటే ఎవరో ఒకరు ఇలాంటి కథ ఎత్తుకుంటారు. నేను ఆకు కత్తిరించుకుంటూ వినేదాన్ని, అంతే. ఇప్పుడు చెప్పేది కథ కాదు, మా వాకిట్లో పట్టపగలు జరిగింది.

మేము మొదట సిరిసిల్లలో ఉండేవాళ్లం. మా ఆయన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడు. ఒక్కొక్క సాంచా ఆగిపోతుంటే మస్కట్ పోయాడు. నేను కోరుట్లలో అత్తగారింటికి వచ్చాను. ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు ఆయన ఒక పాత బండి కొన్నాడు. దూరాలు తిరగడానికి చేసిన బండి. పెద్ద ట్యాంకు, రెండు పక్కలా సామాను పెట్టెలు. కిక్కు లేదు, సెల్ఫ్ ఒక్కటే. దాని మీద దేశమంతా తిరుగుదామన్నాడు. ధర్మపురి దాకా పోయొచ్చాం. ఆ తర్వాత సెలవు అయిపోయింది.

రెండోసారి పోయినప్పుడు అక్కడి కంపెనీ మూతపడింది. పాస్‌పోర్టు సేటు దగ్గరే ఉండిపోయింది. మా ఆయన బయట దొరికిన పని చేసుకుంటూ దాక్కుని బతికాడు. అలాంటివాళ్లను మా దిక్కు ఖల్లివల్లి అంటారు. కొన్నాళ్లకు ఫోన్ రావడం కూడా ఆగిపోయింది. బతికి ఉన్నాడో లేదో తెలియదు.

మా మరిది శ్రీను ఆ బండి మీదే తిరిగేవాడు. ఒకరోజు అర్జీ పట్టుకుని జగిత్యాల కలెక్టర్ ఆఫీసుకు, ఒకరోజు సిరిసిల్లలో మస్కట్ నుంచి తిరిగొచ్చినవాళ్ల ఇళ్లకు. ఎవరైనా ఆయన్ను చూశారేమోనని. బస్సుల మీద రెండు ఊళ్లు ఒక్కరోజులో తిరగడం కుదరదు. సరిగ్గా అప్పుడే బండి సతాయించడం మొదలుపెట్టింది. ఒకరోజు సెల్ఫ్ నొక్కగానే స్టార్ట్ అయ్యేది. ఒకరోజు ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు.

మెకానిక్ ఖలీల్ భాయ్ ప్లగ్గు మార్చాడు, బ్యాటరీ చూశాడు, స్టాండు దగ్గరి స్విచ్ కడిగాడు. ఆయన ముందు మాత్రం బండి బుద్ధిగా స్టార్ట్ అయ్యేది.

"జరమొచ్చిన పోరడు డాక్టర్ను జూసి నవ్వినట్టు జేస్తుందక్కా నీ బండి. ఇది గూడ ఖల్లివల్లి అయింది, దొరుకది," అన్నాడు. తర్వాత ఒక మాట చెప్పాడు. "స్టార్ట్ గానప్పుడు ఏం జేసిండ్రో యాది వెట్టుకోండ్రి. ఎండనా, వాననా, గేరుల ఉన్నదా, అన్నీ."

అప్పటినుంచి బీడీల చాట ముందు పెట్టుకుని గమనించాను. ఎండకూ వానకూ సంబంధం కనిపించలేదు. కనిపించింది వేరొకటి. శ్రీను నా వైపు తిరిగి "వదినె, పోయొస్త" అన్న రోజు బండి స్టార్ట్ అయ్యేది. తొందరలో "పోతున్న" అన్నా, ఏమీ అనకపోయినా అయ్యేది కాదు.

ఆ రోజుల్లోనే, నలభై దాటాక, నేను సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకుంటున్నాను. పుట్టినప్పటినుంచి నోట్లో ఉన్న పోయొస్త అనే మాటను పలక మీద రాస్తే, అది రెండు మాటలని తెలిసింది. పోయి, వస్త. మా ఆయన గడప దాటిన ప్రతిసారీ అనేవాడు. చివరిసారి మాత్రం బస్సు కదిలిపోతుంటే కిటికీలోంచి "పోతున్న" అని అరిచాడు.

బండి సంగతి చెబితే శ్రీను పగలబడి నవ్వాడు. "ఏందే వదినె, నువ్వు సదువుకునుడు గాక బండికి గూడ సదువు చెప్పినవా?"

ఖలీల్ భాయ్ నవ్వలేదు. శ్రీనును బండి ఎక్కించి, ఆ మాట అనమన్నాడు. అంటూనే శ్రీను గడప వైపు తిరిగాడు. చేతులతో పాటు హ్యాండిల్ కూడా ఎడమకు తిరిగింది. "ఇగో, దొరికింది దొంగ," అన్నాడు ఖలీల్ భాయ్. హ్యాండిల్ మెడ దగ్గర సెల్ఫ్ వైరు పైతొడుగు బాగానే ఉండి లోపల తెగింది. ఎడమకు తిప్పితే కొసలు అతుక్కుంటాయి, నేరుగా ఉంటే విడిపోతాయి. అంతే. మాటలో మహిమ ఏమీ లేదు. నాకు నవ్వొచ్చింది, కొంచెం బాధ కూడా కలిగింది.

కొత్త వైరు జగిత్యాల నుంచి రావాలన్నాడు. తెగిన వైరును పూర్తిగా పీకేసి, చార్జింగ్ పెడతానని బ్యాటరీ తన దుకాణానికి తీసుకుపోయాడు. హ్యాండిల్‌ను కుడివైపు గోడకు ఆనించి పెట్టాడు. మరునాడు పీర్ల పండుగ. దుకాణానికి తాళం వేసి ఉంది. శ్రీను పీర్లను ఊరేగించే సవారి చూడటానికి బజారుకు పోయాడు.

మధ్యాహ్నం నేను వరండాలో బీడీలు చుడుతున్నాను. రేకుల కింద బండి స్టార్ట్ అయింది. సెల్ఫ్ తిరిగిన చప్పుడు, ఆ తర్వాత ఇంజన్ అందుకున్న చప్పుడు. వీధిలో ఇంకో బండేమో అనుకున్నాను. తల ఎత్తితే మా బండి అద్దాలు వణుకుతున్నాయి. కాసేపు నడిచి ఆగిపోయింది. పక్కింటి లచ్చవ్వ గోడ మీది నుంచి తొంగిచూసి "మీ మరిది అప్పుడే అచ్చిండా?" అని అడిగింది. విన్నది నేనొక్కదాన్నే కాదు.

దగ్గరికి పోయి చూశాను. సీటు కింద బ్యాటరీ ఉండాల్సిన చోట ఖాళీ. బండి తాళంచెవి ఇంట్లో మేకుకే ఉంది. రేకుల నీడలో ఉన్న బండి సైలెన్సర్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. హ్యాండిల్ గడప వైపు తిరిగి ఉంది.

భయం వేయలేదు. ఎందుకో వంటింట్లోకి పోయి ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం పోశాను.

తర్వాత కొన్నాళ్లకు మా ఆయన దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి సర్కారు ఖల్లివల్లి వాళ్లను శిక్ష లేకుండా ఇళ్లకు పంపుతోందని, తనూ పోయి పేరు రాయించుకున్నానని చెప్పాడు. వచ్చినప్పుడు మనిషి సగమయ్యాడు, కానీ వచ్చాడు. బండి సంగతి చెప్పకముందే నేను ఒకటి అడిగాను, దాక్కున్న రూము విడిచి ఎప్పుడు బయలుదేరినవని.

"పీర్ల పండుగ నాడు," అన్నాడు. "రూముల హైదరాబాద్ దోస్తు షర్బత్ పోసిండు. తాగి, చెప్పులు తొడుక్కొని, తలుపుకాడ పోయొస్త అన్న. ఎవలకు చెప్పిన్నో నాకే ఎర్కలేదు. వాడు ఒకటే నవ్వుడు. పోతే పీడ వాయె, మల్ల వస్త అంటున్నవేందిరా అని."

ఇది విని ఖలీల్ భాయ్ చెయ్యి తుడుచుకుని వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు. ఆ దేశాల్లో నెలవంక ఒకరోజు ముందే కనిపించొచ్చు, పండుగ కూడా ముందే అయి ఉంటుంది అన్నాడు. అదే నిజమైతే రెండూ ఒక్క రోజు కావు. అప్పుడు నేను చెప్పినదాంట్లో సగం పోతుంది. కానీ బ్యాటరీ తన దుకాణంలోనే ఉందని, దుకాణం తాళంచెవి తన జేబులోనే ఉందని ఆయనే అన్నాడు. మిగతా సగం అలాగే ఉంది.

కొత్త వైరు వేశాక బండి ఒక్కరోజు కూడా సతాయించలేదు. ఏ మాట అన్నా, హ్యాండిల్ ఎటు ఉన్నా స్టార్ట్ అవుతుంది. మా ఆయన మాత్రం ఇప్పటికీ గడప వైపు తిప్పి, ఆ మాట అన్నాకే సెల్ఫ్ నొక్కుతాడు.

సిరిసిల్లలో సాంచాలు ఇంకా సరిగ్గా నడవడం లేదు. ఈమధ్య ఆయన మళ్లీ మస్కట్ మాట ఎత్తుతున్నాడు. ఆ పగలు బండి ఎలా స్టార్ట్ అయిందో నాకు ఈరోజుకీ తెలియదు. తెలియకపోయినా ఫరవాలేదు. అది బ్యాటరీ లేకుండా స్టార్ట్ కావాల్సిన అవసరం మాత్రం మళ్లీ రావద్దు.