పట్రోల్ చప్పుడు

బుల్లిరాజు బాబాయ్ కువైట్‌లో చాలా బళ్ళు నడిపాడు. ఒక్కటీ ఆయనది కాదు. అమలాపురం పక్కనుంచి వచ్చిన కొత్తలో నీళ్ళ ట్యాంకరు, తర్వాత బేకరీ వ్యాను, ఆ తర్వాత సాల్మియా వెనక వీధిలో ఒక ఇంట్లో డ్రైవరు. జుట్టు నెరిసింది ఆ ఇంట్లోనే. గేటు పక్కన ఆయన గది. అందులో మంచం, కుక్కరు, గోడకి వెంకన్న పటం. పటం కింద మేకులకి ఆ ఇంటి బళ్ళ తాళాలు వేలాడేవి. పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటుంటే దేవుడికీ తాళాలకీ కలిపి పెడుతున్నట్టే ఉండేది.

ఆయన నాకు చుట్టం కాదు, మా అమ్మమ్మ ఊరివాడు. నేను కాకినాడలో ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి, ఇంట్లో మాటలు పడలేక తిరుగుతున్న రోజుల్లో నన్నూ కువైట్ రప్పించి, అల్ రాయ్‌లో షావలి అన్న కార్ల షెడ్డులో పని చూపించాడు. శుక్రవారం గదికి వెళితే చేపల పులుసు పెట్టేవాడు. నా సంగతి ఇంతవరకు చాలు.

ఆ ఇంటి కుర్రాడు ఫహద్. బాబాయ్ పనిలో చేరేనాటికి వాడు చంకపిల్లాడు. తండ్రి లేడు, తల్లికి ఒక్కడే. ఇంట్లో పనివాళ్ళందరిలాగే బాబాయ్ కూడా ఆవిణ్ణి మామా, అంటే అమ్మా, అనేవాడు. ఫహద్‌ని బడికి దింపింది బాబాయ్. ఇసకలో వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగ్ పట్టించింది కూడా బాబాయే. ఆ పట్టు వాడికి పిచ్చిగా మారింది. తల్లి పేరు మీదున్న పట్రోల్ అనే పాత జీపు తీసుకుని, సైలెన్సర్ కోయించేసి, పొగని వడగట్టే డబ్బా పీకించేసి, ఇంజన్ నుంచి తోకదాకా ఒకటే లావుపాటి స్టీలు గొట్టం వేయించాడు. బండి వీధి మొదట్లో ఉండగానే వంటింట్లో కప్పులు గలగలమనేవి. మామా తిట్టేది. తిడుతూనే, పిల్లాడొచ్చాడు, భోజనం పెట్టమని వంటామెని కేకేసేది.

పోయిన ఏడాది ఎండలు ముదరకముందే ఫహద్ ఫుట్‌బాల్ ఆడుతూ మైదానంలో కూలిపోయాడు. గుండెలో ఎవరికీ తెలియని లోపం ఉందన్నారు. అప్పటికి వాడికి నిండా ఇరవై రెండు.

చాలా రోజులు మామా ఆ బండిని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తర్వాత ఒకరోజు, కదలకపోతే బాటరీ చచ్చిపోతుంది, సాయంత్రం పూట ఒక చుట్టు తిప్పి తీసుకురమ్మంది. అదే అలవాటైంది. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యే వేళకి ఆవిడ గుమ్మం మెట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చునేది. బాబాయ్ సముద్రం రోడ్డు దాకా వెళ్ళి వెనక్కొచ్చేవాడు. బండి గేట్లోకి వచ్చి ఆగగానే ఆవిడ ముఖానికి ముసుగు అంచు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయేది. ఆవిడ భుజాలు కదలడం బాబాయికి అద్దంలో కనబడేది. రోజూ అంతే. ఇంజన్ ఆపాక చాలాసేపు దిగబుద్ధి కాదని నాతో అనేవాడు.

ఆ చప్పుడు ఆవిణ్ణి తినేస్తోందని ఆయన గట్టిగా నమ్మాడు. అలా నమ్మడానికి ఆయనకో కారణం ఉంది.

ఆయనకీ ఒక కూతురుండేది. దేవిక. పన్నెండేళ్ళప్పుడు జ్వరం వచ్చి పోయింది. కబురు తెలిసిన వెంటనే మామా టిక్కెట్టు తీసి పంపింది. అయినా ఆయన ఇల్లు చేరేసరికి అన్నీ అయిపోయాయి. బావమరిది ముందే మా వైపు పద్ధతిలో పిల్ల బట్టలు, పడుకున్న మంచం చాకలికి ఇచ్చేశాడు. పుస్తకాలు బడికి పంపేశాడు. సైకిల్ ఎవరికో ఇచ్చేశాడు. దాని బెల్లు బాబాయ్ కువైట్‌లో కొని తీసుకెళ్ళిందే. ఇంట్లో పిల్ల తిరిగిన గుర్తు ఒక్కటి మిగల్లేదు. దినం కాగానే ఆయన తిరుగు విమానం ఎక్కాడు. బావమరిది మంచిపని చేశాడనీ, ఆ సైకిల్ కంటబడితే తను మళ్ళీ గడప దాటేవాణ్ణి కాననీ చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా అవే మాటలు, అదే వరసలో. నేనెప్పుడూ నమ్మలేదు.

పోయిన చలికాలంలో పట్రోల్ దఫ్తర్ గడువు దగ్గరపడింది. దఫ్తర్ అంటే బండి కాగితం. అది మళ్ళీ రాయించాలంటే బండిని తనిఖీకి పెట్టాలి. మనవాళ్ళు దాన్ని పాసింగ్ అంటారు. పాసింగ్ కాకపోతే బండి రోడ్డెక్కకూడదు. పోలీసు చూస్తే ఎత్తుకుపోతాడు. మామా బాబాయిని పిలిచి ఒక్కటే చెప్పింది, బండి ఆగిపోకూడదు, ఎలాగైనా పాస్ చేయించమని.

బాబాయ్ బండి కడిగి, బానెట్టుకి పసుపు బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఉన్న బండిని ఉన్నట్టే తీసుకెళ్ళాడు. తనిఖీ చేసే ఆయన చప్పుడు వినగానే నవ్వుతూ చెవిలో వేలు పెట్టుకున్నాడట. పొగ గొట్టంలో పెట్టిన మీటరు కూడా ఒప్పుకోలేదు. శీల్ హాదా, ఇది తీసేయించి రా అని మర్యాదగానే వెనక్కి పంపాడు.

మర్నాడు బాబాయ్ బండి మా షెడ్డుకి తెచ్చాడు.

ఇలాంటి బళ్ళకి మా షెడ్డులో ఒక పద్ధతుంది. పట్రోల్‌కి కంపెనీ సైలెన్సరు, పొగ డబ్బా కలిపి ఒక సెట్టు ఎప్పుడూ అటక మీద ఉంటుంది. దాని పేరే పాసింగ్ సామాను. పొద్దున బిగిస్తాం, బండి పాసవుతుంది, సాయంత్రం విప్పేసి కుర్రాడి గొట్టం కుర్రాడికి వేసి పంపుతాం. ఎందరి బళ్ళకో ఆ ఒక్క సైలెన్సరే వెళ్ళొచ్చింది. కొందరు మాత్రం పెళ్ళి కుదిరిందనో, బండి అమ్మేస్తున్నామనో ఖాయంగా మార్చేయమంటారు. అప్పుడు పాత గొట్టం షట్టరు బయట పెడతాం. షట్టరు బయట ఉన్నది తుక్కువాడిది. వాడు ఎవరినీ అడగడు, హాఫ్ లారీలో పడేసుకుని వెళ్ళిపోతాడు. అందుకే బండి జాకీ ఎక్కకముందే షావలన్న అడుగుతాడు.

"ఏమప్పా రాజన్నా, పాసింగు మటుకేనా, ఖాయంగానేనా? ముందే సెప్పు. మళ్ళ యాడ పెట్టినావంటే నేను జవాబు సెప్పలేను."

బాబాయ్ గొట్టం వైపు చూశాడు. వేడికి నీలం తిరిగి, చివర నల్లగా మసిబారి ఉంది.

"ఖాయంగానే చేసెయ్యి షావలీ," అన్నాడు.

మామాని అడిగావా అని నేను మొహమ్మీదే అడిగాను.

"అడిగితే ఒద్దంటాదిరా. తల్లి కదా. రోజూ సావడమేనా ఆ మనిషి? మా ఇంట్లో ఎవరో ఒకరు గుండె రాయి చేసుకున్నారు కాబట్టి నేను బతికాను. ఇక్కడ ఆ పని నేనే చెయ్యాల."

అడిగి చెయ్యమని ఇంకోసారి అన్నాను. ఇన్నేళ్ళు ఆ ఇంటి ఉప్పు తిన్నవాడికి ఆ మాత్రం తెలియదా అన్నాడు. ఇక నేను విప్పాను. గొట్టం కిందికి దిగాక బాబాయ్ దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాడు. తనే మోసుకెళ్ళి షట్టరు బయట పెట్టాడు. మేం టీ తాగి వచ్చేసరికి అక్కడ లేదు.

బండి ఈసారి వెళ్ళగానే పాసైంది. బాబాయ్ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఆ రాత్రి తన దగ్గరే భోజనమని నన్నూ ఎక్కించుకున్నాడు. పట్రోల్ ఎంత మెత్తగా నడిచిందంటే, ఇన్నాళ్ళకి ఈ బండిలో రేడియో వినిపిస్తోందని నవ్వాడు.

మేం వెళ్ళేసరికి మగ్రిబ్ అయిపోయింది. మామా మెట్టు మీద కుర్చీలో ఉంది. వీధి మొదటి వైపు చూస్తోంది. బండి గేట్లోకి వచ్చి, ఆవిడ పక్కనుంచే ముందుకెళ్ళి, ఎప్పుడూ ఆగే చోట ఆగింది. ఆవిడ ఇంకా వీధి వైపే చూస్తోంది.

బాబాయ్ తలుపు వేసిన శబ్దానికి ఇటు తిరిగింది. బండిని చూసింది, ఆయన్ని చూసింది. చప్పుడేదని అడిగింది.

బాబాయ్ చేతులు కట్టుకుని నిలబడి, వచ్చిన అరబిక్కులో చెప్పాడు. గొట్టం తీయించేశానని, పారేశానని, ఇక మీకు ఆ బాధ లేదని. ఆవిడ అరవలేదు. కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచింది.

"ఆ వేళకి నా కొడుకు ఇంటికొచ్చేవాడు రాజూ," అంది. "ఆ కాసేపటి కోసమే నేను రోజంతా గడుపుతున్నాను."

ఆ రాత్రి పులుసు గిన్నె మూత ఎవరం తీయలేదు.

తెల్లారి ఇద్దరం ఊరి బయట తుక్కు యార్డుకి వెళ్ళాం. గొట్టాలు కొండలా పడి ఉన్నాయి. చూపుకి అన్నీ ఒకటే, మసి, తుప్పు. బాబాయ్ ఒక్కొక్కటీ ఎత్తి రాయితో కొట్టి వినేవాడు, పక్కన పెట్టేవాడు. అలా తెలియదు బాబాయ్, ఇంజన్‌కి తగిలిస్తేగాని తెలియదని చెప్పాను. వినలేదు. నిన్నటి సరుకు అప్పుడే నొక్కుడు మిషన్‌లోకి వెళ్ళిపోయిందని యార్డువాడు చెప్పాక రాయి కింద పెట్టేశాడు. చేతులు తుడుచుకోలేదు.

షావలన్న అంతే లావు గొట్టం ఇంకోటి వెతికి వేశాడు. బాగానే మోగింది. సాయంత్రం బాబాయ్ దాన్ని సముద్రం రోడ్డు దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చాడు. గేటు దగ్గర నేనున్నాను. ఆ రోజు కుర్చీ వేయలేదు. చప్పుడుకి మామా లోపల్నుంచి గబగబా గుమ్మం దాకా వచ్చింది. అక్కడే ఆగి తల వంచి విన్నది. బాబాయ్ ఇంజన్ ఆపకుండా ఆవిడ ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు.

"ఇది వాడు కాదు," అంది. కోపం లేదు, అలసట ఉంది. "బాటరీ తీసెయ్యి రాజూ. ఇక తిప్పక్కర్లేదు."

మామా ఆయన్ని పనిలోంచి తీసేయలేదు. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే బాబాయ్ గదికి టీ పంపింది. తిట్టి ఉంటే బాగుండేదిరా అన్నాడు.

రెండు రోజులకి బాటరీని గోనెసంచిలో చుట్టుకుని షెడ్డుకి వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు గాని దాన్ని ఒళ్ళోంచి దించలేదు.

"దేవిక సైకిల్ బెల్లు ఎలా మోగేదో గుర్తు రావట్లేదురా. నేను కొన్నదే. కొట్లో నాలుగైదు మోగించి చూసి మరీ కొన్నాను."

నా ఫోన్ తీసుకుని ఇంటికి చేశాడు. ఆయన భార్య సత్యనారాయణమ్మ పిన్ని ఎత్తింది. స్పీకరు ఆపడం ఆయనకి రాదు, నాకూ వినబడింది. ఆ బెల్లు ఎలా మోగేదని అడిగాడు. ఫోన్ కట్టయిందేమోనని ఆయన చెవి దగ్గర్నుంచి తీసి చూశాడు.

"ఆ బెల్లు ఒక్కటీ ఉంచరా అని తమ్ముణ్ణి ఎంతో బతిమాలానండి," అంది పిన్ని. "బావ చూస్తే తట్టుకోలేడని ఊడదీసి ఇచ్చేశాడు. మీరూ అదే మంచిదన్నారు. ఇంకేమంటాను."

బాబాయ్ భోంచేశావా అని అడిగాడు. ఆవిడ చేశానంది. ఫోన్ నాకిచ్చేశాడు.

అప్పుడే షావలన్న బయటినుంచి వచ్చి బాటరీ వైపు చూశాడు. దీన్ని తుక్కులో ఇచ్చేద్దామా అని అడిగాడు. అది అతను రోజూ అందరినీ అడిగే మాటే.

"ఒద్దు," అన్నాడు బాబాయ్. "ఎవరికీ ఇవ్వకు. ఉంచు."

దాన్ని అటక మీద పాసింగ్ సామాను పక్కన పెట్టాను. వారానికోసారి దించి చార్జింగ్ పెడుతున్నాను. పట్రోల్ ఆ ఇంటి ముందు గుడ్డ కప్పుకుని ఉంది. దఫ్తర్ మాత్రం ఇంకా చెల్లుతుంది.