నడిరోడ్డు మీద వీడ్కోలు విందు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా కోడలు టీవీలో ఏదో ఇంగ్లీషు ఆఫీసు హాస్య ధారావాహిక పెట్టుకుని పడీపడీ నవ్వుతుంటే, పక్కన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్న నేనూ, భాష సగం అర్థమై సగం కాక, నవ్వవలసిన చోట కాస్త ఆలస్యంగా నవ్వుతూ చూశాను. ఉద్యోగం వదిలి వెళ్లిపోతున్న పై అధికారి ఒకాయన తన కింద పనిచేసినవాళ్లందరినీ కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ చిత్రమైన అవార్డులు పంచిపెడుతున్నాడు; పుచ్చుకున్నవాళ్లు నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడిపోతున్నారు. ఇందులో కొత్తేముంది, మా మేడమ్ ఈ పని ఎప్పుడో చేసింది, అదీ తార్నాక చౌరస్తాలో నడిరోడ్డు మీద, అన్నాను. కోడలు టీవీ ఆపేసి నావైపు తిరిగింది. నా మాట వినడానికి మా ఇంట్లో ఒకరు టీవీ ఆపడం అదే మొదటిసారి కనుక, ఆ ఊపులో ఆమెకు అరగంటలో చెప్పేశాను. నా ఈడువాళ్లయిన మీకు మాత్రం అంత హడావుడి ఉండదని తీరిగ్గా రాస్తున్నాను.

ముందు నా సంగతి కొంత చెప్పాలి. నేను పుట్టిపెరిగింది నల్లకుంట మార్కెట్ పక్క సందులో. నాన్నది బట్టల దుకాణం, పెద్దనాన్నది కిరాణా, మేనమామది స్టీలు సామాన్ల కొట్టు. నాకు మాటలకంటే బేరం ముందు వచ్చిందని మా అమ్మ అందరితో చెప్పేది. మా ఇంటి విద్యలో ముఖ్యమైనవి రెండే. కావలసినదాన్ని ముందు అడగకూడదు. అక్కర్లేని పెద్దదేదో అడిగి, దాన్ని కష్టంమీద వదులుకున్నట్టు మొహం పెట్టి, కావలసిన చిన్నదాన్ని చంకన పెట్టుకుపోవాలి. ఇక రెండోది, అవతలివాళ్లు అప్పటికే ఒప్పుకున్నారని ఇవతలివాళ్లకు చెప్పడం. ఈ విద్యతో నేను లోకాన్ని జయించానని అనుకోకండి. ఒకసారి కొత్తిమీర కట్ట దగ్గర పావుగంట వాదించి గెలిచి, ఆ విజయగర్వంలో కూరగాయల సంచీ మొత్తం ఆ బండి మీదే వదిలేసి ఇంటికి వచ్చినదాన్ని.

యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు తెప్పించే సెక్షన్‌లో నా ఉద్యోగం. లైబ్రరీకంతటికీ పెద్ద మా మేడమ్. గుంటూరు వైపు నుంచి కోడలిగా మెట్టుగూడకు వచ్చి, ఇక్కడే ఉద్యోగం సంపాదించి, ఇక్కడే తల నెరిసిన మనిషి. ఆమె వస్తుంటే చెప్పుల చప్పుడుకంటే ముందు నిశ్శబ్దం వచ్చేది. బైండింగ్ గదిలో పనిచేసే, నన్ను అక్కా అని పిలిచే తమ్ముడొకడు జిగురు పూస్తూ ఉద్యమం పాటలు ఎత్తుకుంటాడని అతనికి మెమో ఇచ్చింది. అతను మరునాడు ఇంకో పాట ఎత్తుకున్నాడు. ఆమె ఇంకో మెమో ఇచ్చింది. అలా పాటకు మెమో, మెమోకు పాటగా ఏడాది పైన నడిచింది.

అవి తెలంగాణ కోసం ఊరూ వాడా రోడ్డెక్కిన రోజులు. మేమంతా సమ్మెలో ఉన్నాం. బస్సులు లేవు, క్లాసులు లేవు, లైబ్రరీకి తాళం. బయట వేసిన టెంటులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చునేవాళ్లం. మా లైబ్రరీ సమ్మెకు నాయకుడు ఇంకెవరో కాదు, గోల్నాక నుంచి రోజూ నడిచి వచ్చే ఆ బైండింగ్ తమ్ముడే. సరిగ్గా ఆ నెలాఖరు శనివారం మేడమ్ రిటైర్ కావాలి. సమ్మె వాయిదా పడవచ్చు, పరీక్షలు వాయిదా పడవచ్చు గాని పుట్టినరోజు లెక్కన వచ్చే రిటైర్మెంటు ఎవరికోసం ఆగుతుంది?

మా ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉండేది. అటెండరైనా అధికారైనా, రిటైరయిన మనిషికి దండ వేసి, శాలువా కప్పి, ఆఫీసు జీపులో ఎక్కించి, మిగతావాళ్లు వెంట వెళ్లి ఇంటి గుమ్మం దాకా దిగబెట్టి రావాలి. మేడమ్ తన సర్వీసులో అలా ఎంతమంది ఇళ్లకు వెళ్లి వచ్చిందో! ఇప్పుడు తన వంతు వచ్చేసరికి దండ వేసేవాళ్లు టెంటులో ఉన్నారు, జీపు నడిపే డ్రైవరూ టెంటులోనే ఉన్నాడు. ముప్ఫై రెండేళ్లు పనిచేసిన మనిషి ఒక్కతే సంతకం పెట్టి, తాళంచెవులు అప్పగించి, చేతిసంచీతో ఒంటరిగా నడుచుకుంటూ ఇంటికి పోతుందన్న ఊహ నాకు అన్నం సహించనివ్వలేదు. నాది ఆమె పక్షం కాదు, నేనూ సమ్మె పక్షమే. అయినా సహించలేదు.

ఆ శనివారమే తార్నాక చౌరస్తాలో మా వంటావార్పు. మరిచిపోయినవాళ్లు ఉంటారు గనక చెబుతున్నాను: రోడ్డు మీదే రాళ్లు పేర్చి పొయ్యి వెలిగించి, అక్కడే వండి, అక్కడే వడ్డించుకుని తినేవాళ్లం, బండ్లు ఆగేవి, నిరసనా అయ్యేది, కడుపూ నిండేది. నాకు ఆలోచన తట్టింది. ముందు తమ్ముడి దగ్గరికి వెళ్లి, ఆడిటోరియం తెరిపించి, మేడమ్‌ను ఫ్యాన్ల కింద కూర్చోబెట్టి ఘనంగా సన్మానం చేద్దామన్నాను.

"ఏందక్కా, పొద్దుగాల చాయ్‌ల ఏమన్న కలిపిన్రా నీకు? సమ్మెల ఆడిటోరియమా?"

"పోనీ రీడింగ్ రూములో?"

"తాళం తీస్తే రేపు నన్నే టెంటుల కూసోనియ్యరు."

"క్యాంటీన్‌లో ఒక కప్పు చాయ్?"

"అది గూడ లోపలనే కదనే!"

అప్పుడు నేను బట్టల దుకాణంలో మా నాన్న విడిచినంత పొడుగాటి నిట్టూర్పు విడిచి, సరేలే, వంటావార్పులో నలుగురితో పాటు ఆమెకూ ఒక విస్తరి వేస్తే ఉద్యమానికి నష్టమా అని అడిగాను. పైగా, తనే అడిగింది తమ్మీ, మీ అందరితో కలిసి తింటానని, అని నిఖార్సయిన అబద్ధం చేర్చాను. అతను ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, అన్నం పెట్టనీకి ఏమున్నదక్కా, రమ్మను, అన్నాడు.

అక్కణ్ణుంచి నడుచుకుంటూ మెట్టుగూడ. మేడమ్‌తో బేరం ఇంకాస్త పై మెట్టు నుంచి మొదలుపెట్టాను: మీరు టెంటులోకి వచ్చి మైకులో జై తెలంగాణ అంటే వీడ్కోలు ఇస్తారట, అన్నాను.

"అదేం కుదరదమ్మా. నమ్మితే అంటాను. ఎవరో సాగనంపుతారని అంటానా?"

"పోనీ జెండా పట్టుకుని ఊరికే నిలబడితే?"

"నువ్వింక వెళ్లు. చీకటి పడుతోంది."

"పోనీ మేడమ్, వచ్చి ఒక ముద్ద తిని వెళ్లండి. వాళ్లే పట్టుబడుతున్నారు. ముఖ్యంగా బైండింగ్ అబ్బాయి."

ఆమె కళ్లద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంది, తుడుచుకుంది, ఎంతసేపటికీ ఆ అద్దాలు శుభ్రం కాలేదు. చివరికి, ముద్ద తినడానికి వస్తాను గాని నా ముందు విస్తరి ఉండగా మా ఆంధ్రావాళ్లను తిట్టే నినాదాలు వద్దని చెప్పు, అంది. మరునాడు ఈ షరతు మోసుకెళ్తే తమ్ముడు నవ్వేశాడు: "నోట్ల ముద్ద పెట్టుకోని నినాదమెట్ల ఇస్తరక్కా?"

రెండు వైపులా గెలిచినందుకు ఆ రాత్రి నాకు గర్వంతో నిద్ర పట్టలేదు. మా వారికి మూడుసార్లు చెప్పాను. మూడోసారికి ఆయన గురక పెట్టారు.

శనివారం మధ్యాహ్నం చౌరస్తాలో పెద్ద గుండిగల్లో బగారా అన్నం, వంకాయ కూర ఉడుకుతున్నాయి. హాస్టళ్ల నుంచి విద్యార్థులు వచ్చారు, డప్పులు వచ్చాయి. ఒంటిగంటకు తెల్లని నేత చీరలో మేడమ్ ఒక్కతే నడిచి వచ్చింది. అందరూ ఒక్కసారిగా మౌనమైపోయారు, లైబ్రరీలో ఆమె వస్తే అయినట్టే. తమ్ముడు ఎదురెళ్లి కుర్చీ వేశాడు. ఆమె కుర్చీ పక్కకు నెట్టి వరసలో మాతో పాటు రోడ్డు మీద కూర్చుంది.

"మీరే పట్టుబట్టి పిలిచారటగా, సంతోషమయ్యా," అంది.

"మేమెక్కడ మేడమ్? మీరే మాతోని తింటనన్నరట కదా!"

ఇద్దరూ కలిసి నావైపు తిరిగారు. నేను ఉప్పు సరిపోయిందో లేదో చూసే నెపంతో గుండిగ వెనక్కి వెళ్లాను. అక్కడే నా రెండో పరాభవం నాకోసం ఎదురుచూస్తోంది. పొయ్యి పక్కన మూతపెట్టిన ఒక చిన్న గిన్నె, దాంట్లో ఉల్లి, వెల్లుల్లి లేకుండా విడిగా వండిన పప్పు. మేడమ్ శనివారం ఉల్లి ముట్టదని ఆఫీసులో అందరికీ తెలుసు. ఎవరు వండమన్నారని అడిగితే, నాయకుడు నాలుగు రోజుల కిందటే చెప్పాడన్నారు. నేను బేరానికి వెళ్లింది రెండు రోజుల కిందట! అటుచూస్తే మేడమ్ చేతిసంచీలోంచి ఒక కట్ట కార్డులు తీస్తోంది; వారం పాటు కూర్చుని రాస్తే తప్ప పూర్తికానంత కట్ట. ఊరికే ఇవ్వడానికి ఇద్దరూ సిద్ధంగా పెట్టుకున్న వస్తువును అంత కష్టపడి బేరమాడి కొన్న మనిషి మా దుకాణాల వంశంలో నేనొక్కతినే.

ఆ కార్డులేమిటో మీలో లైబ్రరీలకు తిరిగినవాళ్లకు గుర్తుంటుంది. పుస్తకం పేరు, రాసినవారు, ఏ బీరువాలో ఉందో రాసి చిన్న సొరుగుల్లో గుచ్చి ఉంచే అట్ట కార్డులు. కంప్యూటర్లు వచ్చాక ఖాళీ కార్డులు కట్టలుగా మూలపడ్డాయి. మేడమ్ మాలో ఒక్కొక్కరినీ ఒక పుస్తకంగా లెక్కించి ఒక్కొక్కరికీ కార్డు రాసింది. మీరు నాకు శాలువా కప్పే స్థితిలో లేరు గనక నేనే మీకు అవార్డులిస్తున్నాను, అని మొదలుపెట్టింది.

తమ్ముడి కార్డు ఇలా ఉంది: "అట్ట చాలా గట్టిది. తెరవడం కష్టం, తెరిస్తే మూయడం అసాధ్యం. మెమోలకు చెదలు పట్టినా దీనికి పట్టదు. నిశ్శబ్ద విభాగంలో ఉంచరాదు." విద్యార్థులు డప్పు మీద దరువేశారు. నా కార్డు మీద, "వెల ఎంతో ఈ పుస్తకమే చెబుతుంది, నమ్మవద్దు" అని ఉంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే, నమ్మండి.

ఆ తరువాత మా అటెండర్ వదినను పిలిచింది. ఇరవై రెండేళ్లుగా బీరువాలు తుడుస్తున్న మనిషి, అక్షరం రాదు. అయినా ఫలానా పుస్తకం కనబడడం లేదంటే, పచ్చ అట్టదా, మూల చినిగిందా, అని రెండు ప్రశ్నలు వేసి, వెళ్లి చేతిలో పెట్టేది. మేడమ్ లేచి నిలబడి ఆ కార్డు మైకులో చదివింది: "ఈ గ్రంథాలయానికి అసలైన కేటలాగు. కరెంటు పోయినా పనిచేస్తుంది. ఇంతకంటే మంచి ప్రతి ఎక్కడా దొరకదు."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గిదంతా నా మీదనే రాసిన్రా మేడమ్?"

"నీ మీదనే."

"మళ్లొక్కపారి సదువుండ్రి."

మేడమ్ మళ్లీ చదివింది. మూడోసారి చదివేటప్పటికి విద్యార్థులంతా గొంతు కలిపారు, చౌరస్తాలో ఆగిపోయిన లారీ డ్రైవర్లు కూడా కిందికి దిగి చప్పట్లు కొట్టారు.

అంతలో తమ్ముడు ఒక ఖాళీ కార్డు నా చేతికిచ్చి, అక్కా రాయి, అని నిలబడి చెప్పాడు: "అచ్చయింది గుంటూరుల. ఉన్నది తార్నాకల. ఇంటికియ్యరాదు, గీడనే ఉండాలె." రాసి ఇచ్చాను. మేడమ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మరి నేనిప్పుడు ఇంటికెలా వెళ్లనయ్యా అంది.

"మేం తోలుకపోతం మేడమ్. జీపు లేకుంటే కాళ్లు లేవా?"

అంతే. డప్పులు ముందు, మెడలో విద్యార్థులు వేసిన బంతిపూల దండతో మేడమ్ మధ్య, వెనక మేమూ విద్యార్థులూ, మొత్తం రెండు వందలమందిమి మెట్టుగూడ దారి పట్టాం. ఇదేం ర్యాలీ, పర్మిషన్ ఉందా అని దారిలో ఒక పోలీసాయన అడ్డం వచ్చాడు. రిటైర్మెంట్ సార్, మా మేడమ్‌ను సాగనంపుతున్నం, అన్నాడు తమ్ముడు. ఆయన ఆమె దండను చూసి, తల ఊపి, తనే ముందు నడిచి రోడ్డు దాటించాడు. దారి పొడవునా మేడల మీంచి జనం చూశారు. అరుగుల మీదివాళ్లు ఎవరో ఏమో తెలియకుండానే దండం పెట్టారు.

మెట్టుగూడలో మేడమ్ భర్త, రైల్వేలో పనిచేసి రిటైరయిన నెమ్మదస్తుడు, డప్పులూ జెండాలూ తన ఇంటి మీదికే వస్తున్నాయని చూసి గేటుకు గబగబా తాళం వేసేశాడు. తరువాత గుంపు మధ్య తన భార్యను గుర్తుపట్టాడు. గుర్తుపట్టాడు గాని, కంగారులో తాళంచెవి ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడు. అది దొరికేదాకా మేడమ్ గేటు బయటే నిలబడి అందరికీ చేతులెత్తి నమస్కరిస్తూనే ఉంది. మేడమ్‌కు జై అన్నారు, జై తెలంగాణ అన్నారు. రెండో మాట ఆమె అనలేదు. అనమని ఎవరూ అడగలేదు. తాళం తెరుచుకున్నాక ఆయన లోపల్నుంచి బిందెతో నీళ్లు తెచ్చి, రెండు వందలమందికీ అలుపు లేకుండా పోశాడు. సోమవారం మళ్లీ అందరం టెంటులోనే ఉన్నాం, తమ్ముడి గొంతు ఎప్పటిలాగే ఖంగున మోగుతోంది.

తెలంగాణ వచ్చింది. కార్డుల సొరుగులు పాత సామాను కింద వెళ్లిపోయాయి, బైండింగ్ గదిలో ఇప్పుడు కంప్యూటర్లున్నాయి, కావలసిన పుస్తకం కోసం పిల్లలు ఎవరినీ అడగవలసిన పనిలేదు. మంచిదే. నేను రిటైరయిన రోజున పద్ధతిగా పువ్వులిచ్చారు, ఫోటో తీశారు, చల్లని కారులో ఎక్కించారు. మిగతావాళ్లకు మీటింగ్ ఉందని ఎవరూ వెంట రాలేదు. క్యాంపస్ నుంచి నల్లకుంటలోని మా ఇంటికి పది నిమిషాలు పట్టలేదు. ఇల్లు అప్పుడే దగ్గరపడుతుంటే, కాస్త నెమ్మదిగా పోనీ నాయనా, అన్నాను.

"గ్రీన్ సిగ్నల్ పడ్డది మేడమ్, పోవాలె," అన్నాడు డ్రైవరు.